కిటికీ దగ్గరి పాటగాడికి

1957 జూన్ 21. ఉత్తర లండన్‌లో మజ్వెల్ హిల్ పక్కన ఫోర్టిస్ గ్రీన్ వీధి. ఆ రోజుతో నీకు 13 ఏళ్ళు నిండాయి, రే డేవిస్. ఆరుగురు అక్కల్లో ఒకతె, రెనీ, ఒక స్పానిష్ గిటార్ తెచ్చి నీ చేతుల్లో పెట్టింది. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం ఆమె గుండెను బలహీనం చేసింది. నాట్యం వద్దని డాక్టర్లు చెప్పారు. నాట్యం లేకుండా బతకడం ఆమెకు చేతకాలేదు. ఆ సాయంత్రమే లైసియమ్ బాల్‌రూముకు వెళ్ళింది. పాట నడుస్తుండగానే, అడుగులు వేస్తూ వేస్తూ ఒరిగిపోయింది.

నీ పుట్టినరోజూ ఆమె పోయినరోజూ ఒక్కటే. ఈ సంగతి తెలిశాక నీ పాటలన్నీ నాకు మరోలా వినపడ్డాయి. ఎంత హుషారైన పాటకైనా అడుగున కాస్త తడి ఉంటుంది. ఎంత దిగులు పాటలోనైనా కాలు కదిపే తాళం ఒకటి ఉంటుంది.

నీ పేరు తెలియకముందే నీ పాట నాకు తెలుసు. అమెరికాలో వాన్ హేలన్ బృందం 1978లో తన తొలి సింగిల్‌గా వాయించిన 'యూ రియల్లీ గాట్ మీ' విన్నాను. ఆ ఉరుము వెనక ఎవరున్నారని వెతుక్కుంటూ వెనక్కి నడిచాను. మోత నుంచి మాటకు, మాట నుంచి మౌనానికి తీసుకెళ్ళిన దారి అది. ఆ దారి పొడుగునా ఉన్నది కింక్స్ అనే నలుగురు కుర్రాళ్ళు: నువ్వు, నీ తమ్ముడు డేవ్, బేస్ గిటార్ మీద పీట్ క్వైఫ్, డ్రమ్స్ మీద మిక్ ఏవరీ.

1964. అప్పటికి మీ రికార్డులు రెండు వచ్చాయి, రెండూ పోయాయి. మూడోది కూడా పోతే 'పై రికార్డ్స్' కంపెనీ మీకు దణ్ణం పెట్టేసేదే. ఆ మూడో పాటను నువ్వు ఇంట్లో ముందుగదిలో, శనివారం రాత్రి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి పాడుకునే ఆ పియానో దగ్గర కట్టావు. డేవ్‌కు 17 ఏళ్ళు. ఎల్పికో అనే చిన్న పచ్చ ఆంప్లిఫయర్ ఉండేది అతని దగ్గర. ఒకనాడు కసికొద్దీ దాని స్పీకరు కోనును బ్లేడుతో చీరాడు. చిరిగిన ఆ గొంతును పెద్ద వాక్స్ ఆంప్లిఫయర్‌లోకి పంపాడు. నున్నగా రావలసిన గిటార్ గరగరలాడింది, గర్జించింది. స్టూడియోలో మొదట తీసిన మెత్తని రికార్డింగు నీకు నచ్చలేదు. 20 ఏళ్ళవాడివి, రెండు పాటలు ఓడినవాడివి, అయినా కాదన్నావు. మళ్ళీ తీయాల్సిందేనన్నావు. ఆగస్టులో రికార్డు వచ్చింది. సెప్టెంబరుకల్లా అది బ్రిటన్‌లో మొదటి స్థానంలో ఉంది.

రెండు మూడు స్వరాల ఆ గరుకు వరస నుంచి ఎంత సంగీతం పుట్టిందో! ద హూ బృందానికి తొలి విజయం తెచ్చిన పాటలో మీ నీడ ఉందని పీట్ టౌన్షెండ్ దాచుకోకుండా చెప్పాడు. హార్డ్ రాక్ వాయించే ప్రతి కుర్రాడి వేళ్ళలో ఆ బ్లేడు గాటు ఉంది. 2009లో మెటాలికా అంతటి బృందం న్యూయార్క్ వేదిక మీద నీ పక్కన నిలబడి ఆ పాట వాయించింది.

అయినా నేను నీకు చేతులెత్తేది ఆ ఉరుముకు కాదు. ఉరుము అయ్యాక నువ్వు గొంతు తగ్గించి చెప్పినదానికి.

1965 జనవరి. కచేరీలకు ఆస్ట్రేలియా వెళ్తూ బొంబాయిలో ఆగారు. తెల్లవారుజామున లేచి సముద్రపు ఒడ్డుకు వెళ్ళావు. దూరంగా ఏదో పాట. దగ్గరయ్యేకొద్దీ మనుషులు కనపడ్డారు: వలలు మోసుకుని పనికి పోతున్న జాలర్లు. వాళ్ళు ఎవరో నీకు తెలియదు, వాళ్ళ మాట తెలియదు. శ్రుతి మాత్రం చెవిలో పడింది, పోలేదు. ఆ ఏడాది జులైలో 'సీ మై ఫ్రెండ్స్' వచ్చింది. గిటార్ తీగలు తంబూరాలా ఒకే శ్రుతిని పట్టుకుని వదలవు. దాని మీద నీ గొంతు తేలుతూ, అక్షరాలను సాగదీస్తూ, ఏటి అవతలికి వెళ్ళిపోయినవాళ్ళను తలుచుకుంటుంది. ఆ పాటలో రెనీ కూడా ఉందని నువ్వే చెప్పావు. వైతరణి తెలిసిన మాకు ఆ ఏరు ఏదో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. బీటిల్స్ సితార్ మోగించిన 'నార్వీజియన్ వుడ్' రావడానికి ఇంకా నెలలు ఉన్నాయి. రాక్ సంగీతంలోకి మన శ్రుతి ఏ పండితుడి వెంటా రాలేదు. ముందుగా కూలికి పోయే జాలరి గొంతులోంచి వచ్చింది. హైలెస్సా వింటూ పెరిగిన తీరప్రాంతం వాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఆ ఏడే అమెరికా తలుపు మూసుకుంది. అక్కడి సంగీతకారుల సంఘం నాలుగేళ్ళపాటు మీకు అనుమతులు ఆపింది. తోటి బృందాలు ఆ మహాఖండం నిండా డబ్బూ పేరూ దండుకుంటున్న కాలం అది. నీకు మిగిలింది నీ వీధి. దాన్నే చూశావు. టీ కాచుకునే ముసలమ్మలను, పన్నుల భారంతో కుంగిన పాత జమీందారును, తోటపనిలో మురిసే నాన్నలను చూశావు. ఆ తలుపు తెరిచే ఉంటే ఇంత గొప్పగా చూసేవాడివి కావని నా నమ్మకం.

అక్క రోజీ, బావ ఆర్థర్ 1964లో ఆస్ట్రేలియాకు వలసపోయారు. పెంచిన చేతులు దూరమైపోతే నువ్వు తట్టుకోలేకపోయావు. 1966లో, తిరిగి రమ్మని కూతురిని బతిమాలే తల్లి గొంతుతో ఒక పాట రాశావు. 1969లో బావ పేరు మీద ఒక ఆల్బమే కట్టావు. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడగా, పండక్కి రెండు విస్తళ్ళే వేసుకునే ఇళ్ళు గుంటూరులోనూ ఉన్నాయి, కరీంనగర్‌లోనూ ఉన్నాయి. రోజీ పాట ఆ ఇళ్ళ పాట.

ఇక వాటర్లూ. చిన్నప్పుడు జబ్బుపడి సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సులు నిన్ను బాల్కనీలోకి తెచ్చేవారట, థేమ్స్ కనపడేలా. ఆ నది నీలో పారుతూనే ఉంది. 1967 మేలో 'వాటర్లూ సన్‌సెట్' అయి బయటికి వచ్చింది. ఒక ఒంటరి మనిషి కిటికీ దగ్గర ఉన్నాడు. కింద స్టేషను, జనం, హడావుడి. ఇద్దరు ప్రేమికులు కలుసుకుని వంతెన దాటిపోతారు. అంతే కథ. చూసేవాడు వాళ్ళను చూసి కుళ్ళుకోడు, తన మీద జాలి పడమనడు. వాళ్ళ సంతోషం తనకూ చాలుతుంది. వెనక నీ భార్య రాసా గొంతు కలిసిన ఆ ఆలాపన వింటుంటే, లోకంలో ఎవరి ఆనందమైనా మనకు చెందుతుందనిపిస్తుంది. పాట రాసేవాడు తనను ఇంతగా పక్కకు జరుపుకోవడం నేను రాక్‌లో మరెక్కడా వినలేదు. 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు రాత్రి, 68 ఏళ్ళ వయసులో నువ్వు ఆ పాట ఎత్తుకుంటే స్టేడియం మొత్తం నీతో పాడింది.

అన్నిటికన్నా మిన్న 'విలేజ్ గ్రీన్'. పూర్తి పేరు 'ద కింక్స్ ఆర్ ద విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ'. బ్రిటన్‌లో 1968 నవంబరు 22న వచ్చింది. అదే రోజు బీటిల్స్ తెల్ల అట్ట డబుల్ ఆల్బం కూడా వచ్చింది. నీ ఆల్బం ఆనాడు ఏ అమ్మకాల పట్టికలోకీ ఎక్కలేదు. యువతరం వీధుల్లో తిరగబడుతున్న సంవత్సరంలో నువ్వు ఊరి పచ్చిక బయలు గురించి, పాత ఫొటోల గురించి, చివరి ఆవిరి రైలు గురించి పాడావు. ఆ ఆగస్టులోనే బ్రిటిష్ రైల్ ప్రధాన మార్గాల్లో తన చివరి ఆవిరి రైలు నడిపి ఆ యుగాన్ని ముగించింది. పోతున్నదాన్ని పోతుండగానే పట్టుకున్నావు నువ్వు.

దీన్ని గతం మీద మోజు అనేవాళ్ళు ఈ ఆల్బంలోనే ఉన్న వాల్టర్ పాట వినాలి. చిన్ననాటి స్నేహితుడు ఇవాళ ఎదురైతే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదని ఆ పాటలో నిజాయితీగా ఒప్పుకుంటావు. మనిషి మారిపోతాడు, జ్ఞాపకం మారదు. ఆ రెంటి మధ్య ఖాళీలో కూర్చుని పాడావు. చెరువు పూడ్చి ప్లాట్లు వేసిన ఊళ్ళు చూసినవాళ్ళకు ఆ ఖాళీ కొత్త కాదు.

ఆనాడు కొననివాళ్ళ పిల్లలు కొన్నారు. 1978లో ద జామ్, 1979లో ప్రిటెండర్స్, 1989లో కర్స్టీ మకాల్ నీ పాటలను తమ గొంతుల్లోకి తీసుకున్నారు. 1995లో బ్లర్ గాయకుడు డేమన్ ఆల్బార్న్ టెలివిజన్‌లో నీ పక్కన కూర్చుని వాటర్లూ పాట పాడాడు. ఆ దశకంలో ఇంగ్లండు వీధుల గురించి, ఇంగ్లండు యాసలో పాడిన ప్రతి బృందానికీ నువ్వు పెద్దదిక్కువి. అప్పటికే అన్నదమ్ముల తగాదాలతో కింక్స్ చివరి మెట్టు మీద ఉంది. 1996తో కచేరీలు ఆగిపోయాయి. 2017లో నీకు సర్ బిరుదు వచ్చింది.

ఇది చదువుతున్నవారికి ఒక్క మాట. 'యూ రియల్లీ గాట్ మీ'తో మొదలుపెట్టండి, ఆ గాటు వినండి. తర్వాత 'సీ మై ఫ్రెండ్స్' పెట్టుకోండి, బొంబాయి జాలర్ల కోసం. ఆ పైన 'విలేజ్ గ్రీన్'. 15 పాటలు, 40 నిమిషాలు కూడా పట్టవు. మధ్యలో లేవకుండా, వరస మార్చకుండా మొత్తం వినండి.