తెరలోని పల్లె, తెరముందరి మనము

మన సంఘము వెలువరించు సంచికలలో కవులను గూర్చియు, పండుగలను గూర్చియు, చేనేత పూర్వచరిత్రను గూర్చియు వ్యాసములు వచ్చుట వాడుక. సెల్‌ఫోనులో ఆడు బొమ్మలను గూర్చి వ్రాయుదుమనగా కొందరు మిత్రులు నవ్విరి. "అదియు నొక సాహిత్యమా?" అనిరి. సాహిత్యము కాకపోవచ్చును. కాని పద్మానగర్‌లో రాత్రి భోజనములవేళ ఏ యింటి ముందు నిలిచినను వినవచ్చు తెలుగు తరచుగా ఆ ఫోనులోనిదే. మన పిల్లల చెవిని బడు తెలుగులో అది యింతటి పాలు పంచుకొన్నప్పుడు దాని మంచిచెడ్డలు విచారింపక తప్పదని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తమ వంటను, పొలమును, ప్రయాణమును, ఇంటి ముచ్చటలను తామే చిత్రించి లోకమునకు చూపువారిని నేడు వ్లాగర్లని పిలుచుచున్నారు. యూట్యూబు 2005లో పుట్టినది. ఆ సంవత్సరము ఏప్రిలు 23న అందు మొట్టమొదట ఎక్కినది, ఒక యువకుడు జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలిచి మాటలాడిన 19 సెకండ్ల ముక్క. అనగా ఒక సామాన్యుడు తన దినచర్యలోని క్షణమును పరులకు చూపుటతోనే ఆ సంస్థ చరిత్ర మొదలైనది. మన దేశమున 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవుకయైన పిదప ఆ వేడుక కూలిజనుల చేతికిని అందినది.

తెలుగున ఇందుకు మంచి ఉదాహరణములు కలవు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' ప్రారంభించెను. అందు పేరొందిన గంగవ్వ పల్లెటూరి స్త్రీ. పొలము కూలి చేసి, బీడీలు చుట్టి సంసారమీదినది. ఆసు యంత్రము కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి జీవితము చలనచిత్రముగా 2019లో వచ్చినప్పుడు అందును ఆమె కనిపించినది. 2020లో బిగ్ బాస్ ఇంటికి వెళ్ళి, ఆరోగ్యము సరిపడక తనంత తానే బయటికి వచ్చినది. ఆంధ్రదేశపు పల్లెలో కట్టెల పొయ్యి ముందు కూర్చుండి వండిన మస్తానమ్మ వయస్సు నూరు దాటినదని ఇంటివారు చెప్పెడివారు. ఆమె 2018 డిసెంబరులో గతించినది. పెద్ద పెద్ద గుండిగలతో వండి అనాథ బాలలకు వడ్డించిన నారాయణరెడ్డి తాత 2019 అక్టోబరులో గతించెను.

ఇటువంటివారిని, వీరిని చూచువారిని పరిశీలించుట నేడు విశ్వవిద్యాలయములలో ఒక చదువైనది. దాని మూలము కొంచెము పాతదే. డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అను అమెరికా పండితులు 1956లోనే రేడియో, టెలివిజన్ కళాకారులకును ప్రేక్షకులకును నడుమ ఏర్పడు ఏకపక్ష స్నేహమును గూర్చి వ్రాసిరి. చూచువాడు ఎరుగును, చూపువాడు ఎరుగడు. ఐనను స్నేహమువలెనే యుండును. డాలస్ స్మైత్ అను కెనడా పండితుడు 1977లో మరియొక మాట చెప్పెను: ప్రకటనదారులకు అమ్ముడుపోవు సరకు ప్రేక్షకుడే యని. తెరిసా సెన్ఫ్ట్ 2008లో వెలువరించిన గ్రంథములో, కొద్దిమంది నడుమ తన్ను తాను నిలుపుకొను ఈ క్రొత్త ప్రఖ్యాతికి 'మైక్రో సెలబ్రిటీ' యని పేరు పెట్టెను. ఇవి తీసిపారవేయదగిన మాటలు కావు.

ఐనను ఈ చదువులో ఒక లోటు మాకు కనబడుచున్నది. ఎందరు చూచిరి, ఎంతసేపు చూచిరి, క్రింద ఏమి వ్రాసిరి అను లెక్కలు సులభముగా చేతికి వచ్చును గనుక, పరిశోధకులలో పలువురు వానితోనే తృప్తి పడుచున్నారు. మేము భివండి కార్ఖానాలలో గుమాస్తాపని చేసి విరమించినవారము. తాకాలు, మీటర్లు బుక్కులో ఎక్కించుటయే మా జీవనమైనది. మీటర్ల లెక్క తప్పలేదనినంత మాత్రమున గుడ్డ బాగున్నదని ఏ సేఠును ఒప్పుకొనలేదు. పడుగెక్కడ తెగినదో, పేక యెక్కడ పలుచనైనదో బట్టను వెలుతురుకెత్తి చూచిననే తెలియును. ప్రేక్షకుల లెక్కయు నంతియే.

రాత్రిపాళిలో సాంచెల నడుమ నిలిచినవాడు ఫోనును గోడ కానించి గంగవ్వను చూచుచుండును. సాంచెల మోతలో ఒక్క మాటయు వినబడదు. బొమ్మ మాత్రమే ఆడుచుండును. లెక్కలో అతడొక ప్రేక్షకుడు. మా యింట ఒకే ఫోను ముందు ఐదుగురము కూర్చుందుము. లెక్కలో మేమును ఒక ప్రేక్షకుడమే. మా యింటామెకు వ్రాత రాదు; ఆమె అభిప్రాయము ఏ వ్యాఖ్యలలోను దొరకదు. చదువరులు పట్టుకొనలేని ప్రేక్షకులు వీరే.

మస్తానమ్మ పోయిన వార్త వచ్చిననాడు మా యింటామె పొయ్యి వెలిగింపక చాలసేపు కూర్చుండెను. "ఆమెకు మనమెవరమో తెలియదు గదా, ఎందుకింత దుఃఖము?" అని మేమడుగగా, "మా అవ్వ పోయిన్నాడు గూడ నేను సూడలే. కారటే వచ్చింది" అనెను. మేము నోరు మూసుకొంటిమి. పదునారవ యేట పెండ్లియై కరీంనగర్ జిల్లానుండి ఈ యూరికి వచ్చిన స్త్రీకి తల్లిదండ్రులు ఏడాదికొక పర్యాయము, ఒక్కొక్కప్పుడు రెండేండ్లకొక పర్యాయము కనబడిరి. తక్కిన కాలమంతయు పరులు చదివిన కార్డులతో, ఊరినుండి వచ్చినవారు చెప్పిన మాటలతో ఆమె తన వారిని ప్రేమించినది. ఏకపక్షమైన సాన్నిహిత్యము టెలివిజన్ తెచ్చిన వింత యని పండితులు తలంచిరి. వలస వచ్చినవారికి అది ఏనాటినుండియో అలవాటైన బ్రతుకు. దానిని భ్రమ యని కొట్టివేయువారు మన యిండ్లలో కొన్నినాళ్ళు కూర్చుండి చూడవలెను.

మా మనుమరాలు ఇంగ్లీషు మీడియము బడిలో చదువుచున్నది. వీధిలో హిందీ, స్నేహితులతో మరాఠీ. తెలుగు చలనచిత్రములు చూచి, అందలి మాటయే శుద్ధమైన తెలుగని నమ్మి, "బాపమ్మా, అట్లనవద్దు" అని నాయనమ్మను దిద్దెడిది. చాలకాలము మన ప్రాంతపు మాట సినిమాలలో సేవకులకును విదూషకులకును మాత్రమే దక్కెను గదా! గంగవ్వ మాట విన్న పిదప ఆ దిద్దుట మానినది. లక్షలమంది చెవియొగ్గి వినుచున్న ఆమె మాటయు బాపమ్మ మాటయు ఒక్కటేనని పిల్లకు తెలిసినది. ఇప్పుడు తొవ్వ యననేమి, గడంచె యననేమి, ఇసుర్రాయి యెట్లుండునని అడుగుచున్నది. మన బాలల కొరకు పెద్దలు చేసిన యెన్ని యుపన్యాసములు ఇంత పని చేసినవి?

గుణము చెప్పినవారము దోషమును చెప్పవలెను. పనిని చూపినంతకాలము ఈ చిత్రములు చక్కగా నుండును. వస్తువును చూపుట మొదలిడగానే చెడును. ఇల్లు చూపుట, చీరల మూట విప్పుట, పసిపాప పుట్టినదాదిగా తెరకెక్కించుట—ఇట్టివి కోకొల్లలు. వీనికి కారణము గుమాస్తాకు దాపరికము కాదు. చందాదారులు 1,000 మందియు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణయు నున్నవారికే ప్రకటనల ఆదాయములో పాలు దొరకునని 2018లో నియమము చేసిరి. నిడివి చిత్రములపై చిత్రకారునికి వచ్చు పాలు నూటికి 55. గంటలు పెంచవలెనన్న రోజుకొక సంబరము కల్పింపవలెను. సొమ్ము పుచ్చుకొని పొగడినచో ఆ మాట బహిరంగముగా చెప్పవలెనని ప్రకటనల ప్రమాణ మండలి 2021లో నియమము చేసినది. కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో మార్గదర్శకములు వెలువరించినది. ఐనను మా కోడలు ఒక వ్లాగరమ్మ "మా యింట ఇదే వాడుదుము" అనిన మాట నమ్మి తెప్పించిన మిక్సీ మూడు వారములు తిరుగలేదు. అక్కడ స్నేహము నిజముగానే సరకైనది. స్మైత్ పండితుని మాట ఆనాడు మాకు బోధపడినది.

మరియొక లోటు కలదు. తెరలోని పల్లెలో చెరువు నిండియుండును, బతుకమ్మ ఆడుచుండును, చుట్టములందరు ఇంటనే యుందురు. మగ్గమాడక ఊరు విడిచినవారు, వారు తిరిగిరాని ఇండ్ల తాళములు మేము చూచిన చిత్రములలో అరుదు. మా మనుమరాలిని మొన్న వేసవిలో ఊరికి తీసికొని పోగా, "ఇక్కడెవరూ లేరేమి తాతా?" అనెను. ఆ ప్రశ్నకు జవాబు మనమే. 1982 బొంబాయి మిల్లుల సమ్మె తరువాత భివండిలో సాంచెలు పెరిగినవి; ఇక్కడ సాంచె లాడినకొలది అక్కడ ఇండ్లు మూతపడినవి. ఆ సగము కథ చెప్పు చిత్రము కావలెను.

కావున ముంబయి, పూణే కళాశాలలలో ఈ శాస్త్రము చదువుచున్న మన యువతీయువకులకు ఒక విన్నపము. శ్రీరాం వెంకటరామన్ అను పరిశోధకుడు తమిళనాట జనుల మధ్య పదునైదు మాసములుండి, వారు ఈ సాధనములను ఎట్లు వాడుచున్నారో చూచి 2017లో గ్రంథము వెలువరించెను. ఆ త్రోవ మంచిది. పద్మానగర్‌కు వచ్చి, వ్రాత రాని తల్లుల ప్రక్కన కూర్చుండి, వారేమి చూచి ఏల నవ్వుచున్నారో, ఏల కన్నీరు పెట్టుచున్నారో వ్రాయుడు. అక్షరజ్ఞానమున్నవారు వ్రాసిన వ్యాఖ్యలనే ప్రేక్షకలోకమని తలంపకుడు.

ఇండ్లలోని పెద్దలకును ఒక మాట. పిల్లల చేతికి ఫోనిచ్చి లేచిపోవలదు, ప్రక్కన కూర్చుండుడు. గంగవ్వ ఒక మాటనగానే ఫోనాపి, "మా ఊర్లె దీన్ని ఇట్లంటం" అని చెప్పుడు. ఆ ముసలమ్మ మన పేరెరుగదు. మన ముసలమ్మకు మన పిల్లల పేర్లన్నియు తెలియును. ఆమెను అడుగువారే కరువైనారు.