అటునుంచి ఇటు చదవండి

ఐర్లండ్‌లో నేనిప్పుడున్న ఊరు నేవన్. ఆ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో రాసి చివరినుంచి మొదటికి చదివినా నేవన్ అనే వస్తుంది, మన వికటకవిలాగా. ఈ సంగతి నాకు చెప్పింది ఈ పుస్తకం రాసిన అమ్మాయే. ఆమెది తెనాలి. ఆ ఊరి పిల్లకు కాక ఇంకెవరికి తోస్తుంది అనుకున్నాను. పేరు అట్ట మీద ఉంది కనుక ఇక్కడ మళ్లీ రాయను. మొదట్లో నన్ను ‘అంకుల్’ అనేది. నాలుగో ఆదివారానికి ‘బాబాయ్ గారూ’ అయింది. పిలుపు మారిందంటే పని పడిందన్నమాటే; ఆ సాయంత్రమే రాతప్రతి తెచ్చి టీ కప్పు పక్కన పెట్టింది.

నేను మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలు ఉండి పోదామని వచ్చినవాణ్ణి. ఈమె ఉండేది రెండు వీధుల అవతల. ఉద్యోగం డబ్లిన్‌లో, కట్టడాల డిజైన్ ఆఫీసులో. ఇక్కడికది 50 కిలోమీటర్లు. ఈ ఊరికి ప్రయాణికుల రైలు 1958లోనే ఆగిపోయింది, బస్సే దిక్కు. ఈ పుస్తకంలో సగానికి పైగా ఆ బస్సులోనే, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని రాసిందట. కుదుపుల్లో రాసినట్టు మాత్రం ఎక్కడా లేదు.

స్టాడ్, ఈటాబ్స్, సాప్ లాంటి సాఫ్ట్‌వేర్లు కొత్తగా నేర్చుకునే సివిల్ ఇంజనీర్ల కోసం రాసిన పుస్తకం ఇది. అలాంటివి మన దగ్గర లేవా అంటే, ఏ మీట నొక్కితే ఏ కిటికీ తెరుచుకుంటుందో చెప్పేవి కావలసినన్ని ఉన్నాయి. అమీర్‌పేటలో ఆ చదువు నెలా నెలన్నరలో చెప్పేస్తారు. పిల్లలు అయిదంతస్తుల మేడను అరగంటలో తెర మీద నిలబెడతారు, రంగురంగుల బొమ్మ తీసి చూపిస్తారు. ‘ఈ దూలం మధ్యలో మూమెంట్ సుమారు ఎంత ఉండాలి నాయనా?’ అని అడిగితే మళ్లీ మౌస్ కోసం చెయ్యి చాస్తారు. ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చుని ఆ చెయ్యిని నేను చాలాసార్లు చూశాను.

ఈ పుస్తకం మొదటి అధ్యాయంలో కంప్యూటరే లేదు. ఒక్క దూలం ఉంది. పొడవు 6 మీటర్లు, మీటరుకు 20 కిలోన్యూటన్ల బరువు. రెండు కొసలూ ఊరికే ఆనించి ఉంటే మధ్యలో మూమెంట్ 90. రెండు కొసలూ గట్టిగా బిగిస్తే కొసల దగ్గర 60, మధ్యలో 30. నిజమైన కట్టడంలో స్తంభాలు మరీ వదులూ కావు, మరీ బిగువూ కావు. కాబట్టి రెండు కాళ్ల ఒంటి చట్రం మీద ఇదే దూలాన్ని పెట్టి సాఫ్ట్‌వేర్‌ను అడిగితే మధ్య మూమెంట్ 30కీ 90కీ నడుమ ఎక్కడో రావాలి. 120 వచ్చిందా, మోడల్‌లో తప్పుంది. వెతకండి అంటుంది ఈమె. ఈ ఒక్క పేజీ కోసమైనా పుస్తకం కొనవచ్చని నా అభిప్రాయం. అందులో కొత్త సిద్ధాంతం ఏదీ లేదు. కానీ నేర్చుకునేవాడి చేతికి కంప్యూటర్ కన్నా ముందు కొలబద్ద ఇచ్చినవాళ్లు అరుదు.

మా రోజుల్లో ఆ కొలబద్ద తప్ప ఇంకోటి లేదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు స్లైడ్ రూలు, లాగరిథమ్ పుస్తకం, పెన్సిలు. అంతస్తుల చట్రాలకు కానీ పద్ధతి. కానీ అన్నది ఓ ఇంజనీరుగారి పేరే గాని, మాకు మాత్రం తెలుగు మాటలాగే వినిపించేది: ఎన్ని చుట్లు తిప్పినా ‘ఊఁ, ఇంకొకటి కానీ’ అనేది. మూడంతస్తుల చట్రానికి రెండు రోజులు పట్టేది. ఆ శ్రమ గొప్పదని నేననను. పిల్లలకు అది తప్పినందుకు సంతోషమే. కాకపోతే ఆ రెండు రోజుల్లో ప్రతి అంకె వేళ్ల మధ్యనుంచి నడిచేది. ఎక్కడ బరువు పుట్టి ఎటు దిగుతోందో మనకు తెలియకుండా అది పునాదిలోకి చేరేది కాదు.

తరువాత ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. అంచుల్లో బెజ్జాలున్న మడతల కాగితం మీద ఫలితాలు గజాల కొద్దీ దిగేవి. ఒకసారి ఆరు కాళ్ల ఓవర్‌హెడ్ ట్యాంకు లెక్క వచ్చింది. కాగితాల కట్ట చూసి మురిసిపోయి సంతకం పెట్టేశాను. బొమ్మలు గీసే పెద్ద ట్రేసర్ ఉండేవాడు, పదో తరగతి చదివినవాడు. అతను వచ్చి, ‘అయ్యా, ఇందులో నీళ్లెక్కడున్నాయండీ?’ అన్నాడు. ఆరు కాళ్ల కిందా వచ్చిన బరువులు కూడి చూస్తే 160 టన్నులు. తొట్టిలో పట్టే నీళ్లే 200 టన్నులు! నీళ్ల బరువును వేరే కేసుగా ఎక్కించి, చివరి కలయికలో కలపడం మరిచిపోయారు. యంత్రం ఖాళీ తొట్టికి చక్కగా, దశాంశ స్థానాలతో సహా లెక్క కట్టింది. సంతకం నాది, పట్టుకున్నది ట్రేసర్. ఆ రోజునుంచి నేను ఏ లెక్కనైనా చివరినుంచి మొదటికి చదవడం అలవాటు చేసుకున్నాను: ముందు పునాది దగ్గర వచ్చినవన్నీ కూడాలి, ఆ మొత్తం మనం పైన పెట్టినదానితో సరిపోవాలి, ఆ తరువాతే మిగతా కబుర్లు. ఊరి పేరు రెండువైపులా ఒకటే అని ఈ అమ్మాయి చెప్పినప్పుడు నాకు వెంటనే తట్టింది ఆ ట్యాంకే.

యంత్రానికి తెలివి లేదన్న మాట చాదస్తపు ముసలివాడి మాట అనుకోకండి. 1970లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ విల్సన్ ‘సాప్’ను తయారుచేశాడు. అమెరికా వాడుకలో ఆ మాటకు వెర్రిబాగులవాడని అర్థం. అన్ని ప్రోగ్రాముల్లాగే దీనికీ తెలివి లేదని వాడేవాళ్లకు గుర్తుండాలనే ఆ పేరు పెట్టానని ఆయనే రాసుకున్నాడు. కన్నతండ్రే వెర్రిబాగులవాడని పేరు పెడితే మనం గురువుగారని కాళ్లకు మొక్కుతున్నాం.

మొక్కితే ఏమవుతుందో ఇక్కడికి సముద్రం అవతల, నార్వేలో తెలిసింది. 1991 ఆగస్టు 23న స్లైప్నర్ అనే చమురు వేదిక తాలూకు కాంక్రీటు పీఠం స్టావాంజర్ దగ్గర నీళ్లలో మునిగి ముక్కలైంది. గోడలు కలిసే మూలల్లో మోడల్‌ను సరిగ్గా చిన్న ముక్కలుగా విడగొట్టకపోవడం వల్ల కంప్యూటర్ అక్కడి కోత బలాన్ని 47 శాతం తక్కువ చూపింది. దాని మీద నమ్మకంతో వేసిన కడ్డీలు చాలలేదు. ఆ తరువాతి సంగతి నాకు ఇంకా ఇష్టం: కొత్త పీఠాన్ని, కంప్యూటర్ ఫలితాల కోసం ఆగకుండా, స్లైడ్ రూలు కాలపు పద్ధతుల్లో చేతి లెక్కలతో డిజైన్ చేశారు. అది నిలబడింది.

మన దగ్గర నేర్చుకుని ఇక్కడికి వచ్చేవాళ్ల కోసం రాసిన అధ్యాయం ఈ పుస్తకానికి గుండెకాయ. అది అనుభవించి రాసిన అధ్యాయం. మన కోడులో విజయవాడకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. ఇక్కడి పటం తెరిస్తే పాతిక పైచిలుకు. ‘అబ్బ, సగం గాలే’ అనిపిస్తుంది. మనది మూడు సెకన్ల విసురు, యూరోకోడ్‌ది పది నిమిషాల సగటు. ఇక్కడి అంకెను మన సూత్రంలో వేస్తే, ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, గాలి బలం దాదాపు సగానికి పడిపోతుంది. సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. కాంక్రీటూ అంతే: మన ఎం25లో 25 అంటే ఘనాన్ని పగలగొట్టి చూసిన బలం. ఇక్కడ సీ25/30లో మొదటిది స్తూపానిది, రెండోది ఘనానిది. స్టాడ్‌లో నిలువు అక్షం వై, ఈటాబ్స్‌లో జెడ్. ఇక పైకప్పు మీద మంచు బరువు అనే లోడ్ కేసు తెనాలిలో పుట్టినవాళ్లెవరికి తడుతుంది?

గాలి మాట వచ్చింది గనక చెబుతున్నాను. గాలి జోరుకు సున్నానుంచి పన్నెండు దాకా మెట్లు కట్టిన ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ పుట్టింది ఈ నేవన్‌లోనే, 1774లో. ఓడ తెరచాపలను గాలి ఏం చేస్తుందో చూసి ఆయన ఆ మెట్లు కట్టాడు. అంకె కన్నా అది చేసే పనిని ముందు చూశాడు. ఈ అధ్యాయంలో ఆయన పేరు ఎత్తకపోవడం ఈ అమ్మాయి చేసిన లోపం. అడిగితే ‘తెలియదు బాబాయ్ గారూ’ అంది. రోజూ ఆ ఊళ్లోనే బస్సెక్కుతుంది!

ఇంకో లోపం చెప్పకపోతే పెద్దరికం కాదు. నేల గురించి రాసింది చాలా తక్కువ. స్తంభం అడుగున ‘ఫిక్స్‌డ్’ అని ఒక్క నొక్కు నొక్కితే తెర మీద నేల బండలా మారిపోతుంది. గుంటూరు నల్లరేగడి ఆ నొక్కుకు లొంగదు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు వారుతుంది. రెండో ముద్రణలో దీనికి ఒక పూర్తి అధ్యాయం ఉండాలి. ఉంటుందని మాట తీసుకున్నాను.

భాష విషయంలో మాత్రం ఆమెదే ఒప్పు. మూమెంట్‌ను భ్రామకం అని రాయలేదు. సైట్‌లో మేస్త్రి, రాడ్ బెండర్, ఇంజనీరు అందరూ ఆడే మాటలే రాసింది: సెంట్రింగ్, కవరు, రింగులు, షియర్. పాఠ్యపుస్తకాల తెలుగు మీద నాకు గౌరవమే, కానీ దాంతో స్లాబు పోయడం నేను చూడలేదు.

నేవన్ పక్కనుంచి బాయిన్ నది పారుతుంది. దిగువన డ్రాహెడాలో దాని మీద 1855లో ఇనుప జాలీ దూలాల రైలు వంతెన పూర్తయింది. ఆ పని మీద ఉన్న బిండన్ బ్లడ్ స్టోనీ అనే కుర్ర ఇంజనీరు, దూలాల్లో పుట్టే బలాలను లెక్కగట్టడం ఎలాగో చెబుతూ తరువాత పుస్తకం రాశాడు. 1866లో వెలువడింది. అదే నది ఒడ్డునుంచి ఇప్పుడు అదే విద్య మీద తెలుగులో ఒక పుస్తకం వస్తోంది. దానికి ముందుమాట రాసే అవకాశం నాకు దక్కింది.

నేర్చుకునేవారికి ఒక్క మాట. ప్రతి అభ్యాసం మొదట్లో ‘ముందు అంచనా’ అని ఒక ఖాళీ గడి ఉంది. దాన్ని దాటేసి ముందుకు పోకండి. కంప్యూటర్ తెరవకముందే పెన్సిల్‌తో అందులో మీ అంకె వేయండి.

నేవన్, ఐర్లండ్