బేనిషాన్ లెక్క

బనగానపల్లె మామిడికి బేనిషాన్ అని ఇంకో పేరుంది. గుర్తు గానీ మచ్చ గానీ లేనిదని అర్థం. మొన్నటిదాకా కర్నూలు జిల్లాలో ఉండి 2022లో నంద్యాల జిల్లాలో కలిసిన ఊరు బనగానపల్లె. పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సొంత వెబ్‌సైటులో ఆ పండ్లు అమ్మే రైతు ఒకాయన కర్నూలు బస్టాండులో క్యూఆర్ కోడు పోస్టరు అంటించి, కడపలో తెలిసినవాళ్లకు వాట్సాప్‌లో లింకు పంపాడనుకుందాం. ఏ దావన ఎంతమంది వచ్చారో తెలిస్తేనే కదా, వచ్చే ఎండాకాలం ఖర్చు ఎక్కడ పెట్టాలో తేలేది.

ఈ పనికి నాకు బాగా నచ్చిన సాధనం ఎస్టోనియాలో పుట్టిన ప్లాసిబుల్. దాని సోర్స్ కోడు ఎవరైనా చదవొచ్చు. లింకు చివర యూటీఎం అనే చిన్న తోక తగిలిస్తారు. గూగుల్ 2005లో కొన్న అర్చిన్ కంపెనీ పేరే ఆ మొదటి అక్షరంలో మిగిలింది. పోస్టరు లింకుకు ఒక తోక, వాట్సాప్‌కు ఇంకొకటి. తోక చెప్పేది దావ పేరు మాత్రమే.

అసలు పనితనం మనుషుల్ని లెక్కబెట్టే చోట ఉంది. ఫోనులో కుకీ పెట్టకూడదు, ఒకే మనిషి ఐదు పేజీలు తిరిగితే ఐదుగురని పొరబడకూడదు. అందుకని ఐపీ అడ్రసు, బ్రౌజరు వివరం, సైటు పేరు, వీటికి ఆ రోజుకని పుట్టించిన రహస్య సంఖ్యను కలిపి పిండి చేసేస్తారు, తిరగలిలో వేసినట్టు. పిండిలోంచి గింజను మళ్లీ తీయలేం. ఆ రహస్య సంఖ్యను సాల్ట్, అంటే ఉప్పు, అంటారు. రోజు మారితే కొత్త ఉప్పు, పాతది చెరిపేస్తారు. నిన్నటి పిండికీ ఇవాళ్టి పిండికీ పోలికే దొరకదు. మరిచిపోవడాన్ని యంత్రంలోనే ఇమిడ్చిన ఈ ఊహ నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

దీనికి ధర ఉంది. సోమవారం చూసి బుధవారం కొన్న మనిషి ఇద్దరవుతాడు. ఒకే ఐపీ అడ్రసు వెనక ఒకే రకం ఫోన్లు రెండుంటే ఒక్కరిగా కలిసిపోవచ్చు. నా వరకు ఆ ధర సబబే. కళ్లంలో గింజలు కొలిచే మనిషి ‘లాభం, రెండు, మూడు’ అంటూ పోతాడు, తినబోయేవాడెవరని అడగడు.

కొన్ని జాగ్రత్తలు మాత్రం రైతువే. ఇంగ్లీషు తోకలో ఒకచోట పెద్దక్షరం, ఇంకోచోట చిన్నక్షరం పడితే ఒకే దావ రెండు వరసలుగా చీలుతుంది. కొన్నవాళ్ల ఫోను నంబరు తోకలో రాస్తే ఇంత పనితనమూ వృథా. పోస్టరు అచ్చుకు ఇచ్చే ముందు తన ఫోనుతోనే ఒకసారి స్కాన్ చేసి, బస్టాండు వరసలో ‘ఒకటి’ పడిందో లేదో చూసుకోవాలి.