ఖాళీ గడుల పట్టిక

ఏ కంపెనీ సిమ్ముకైనా పనిచేసే ఆండ్రాయిడ్ ఫోనులో అమరికలు తమంతట తాము రానప్పుడు, ‘యాక్సెస్ పాయింట్ నేమ్స్’ అనే పట్టికను మనమే నింపవలసి వస్తుంది. అందులో అన్ని గడులూ ఉన్నవి గాని, ఒక్క ముక్క వివరణ లేదు. ఏ.పి.యన్. అనగా ఫోను కంపెనీ వ్యవస్థనుండి ఇంటర్నెట్టులోనికి పోయే ద్వారం పేరు. అమెరికాలో టి-మొబైల్‌కు అది ‘ఫాస్ట్.టి-మొబైల్.కామ్’. డేటాకు ఇది చాలును. బొమ్మల సందేశానికి చాలదు. బొమ్మ మొదట ఎం.ఎం.ఎస్.సి. అనే కేంద్రానికి చేరుతుంది. అవతలి ఫోనుకు అక్కడినుండి చిన్న కబురు మాత్రమే పోతుంది. ఆ ఫోను డేటా మార్గాన బొమ్మను తెచ్చుకొంటుంది. రైల్వే పార్సెలు ఆఫీసు పద్ధతే! కేంద్రం చిరునామా సరిగా వ్రాసినా, దానికి కొన్ని వరుసల దిగువనున్న ‘ఏ.పి.యన్. టైపు’ గడిలో ‘డిఫాల్ట్’ ఒక్కటే ఉండి ‘ఎం.ఎం.ఎస్.’ లేకపోతే బొమ్మ కదలదు. ఖాళీ గడులన్నిటిపైనా ‘నాట్ సెట్’ అని ఒకే ముద్ర. ఏది నింపవలెనో, ఏది వదలవలెనో విద్యార్థికి తెలిసేదెట్లు?