గన్నవరానికి ఉత్తరాన డాలస్

డాలస్ ఎటువైపు ఉందని కృష్ణా డెల్టాలో ఎవరినడిగినా చెయ్యి పడమరకే చూపిస్తారు. ఒక్కసారి గ్లోబు తీసుకుని దారం ఒక కొస మన విమానాశ్రయం ఉన్న గన్నవరం మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి చూడండి. దారం అరేబియా సముద్రం వైపు పోనే పోదు. నిటారుగా ఉత్తరానికి లేస్తుంది. భూమి మీద ఇంత అందమైన గీత మరొకటి ఉంటుందా అనిపిస్తుంది నాకు.

గన్నవరం 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆ రేఖే ఉత్తర ధ్రువం దాటి అవతల దిగితే 99.2 డిగ్రీల పడమర అవుతుంది. డాలస్ విమానాశ్రయం ఉన్నది 97 మీద. అంటే రేఖాంశాల లెక్కన భూగోళానికి ఇటు మనం, దాదాపు సరిగ్గా అటు డాలస్‌లో ఉంటున్న మన పిల్లలు. మార్చి, సెప్టెంబరు నెలల్లో రాత్రీ పగలూ సమానమైన రోజున గన్నవరంలో సూర్యుడు పొడిచే వేళకే డాలస్‌లో గుంకుతాడు.

ఇక ఆ దారం చూపే దారి సంగతి. నూజివీడు మామిడి తోటల పక్కగా సాగి, భద్రాచలానికి కాస్త పడమరగా గోదావరి దాటుతుంది. దండకారణ్యం మీదుగా వెళ్లి కాన్పూర్ దగ్గర గంగను చేరుతుంది. కృష్ణమ్మ నీళ్లు తాగే నేల మీద మొదలైన గీత, ఎవరూ చెప్పకుండానే, గోదావరినీ గంగనూ వరసగా పలకరిస్తుంది! హిమాలయం ఎక్కి దిగితే కుడిచేతి వైపు, నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కైలాసం. ఆ తర్వాత తక్లమకాన్ ఎడారి, బల్ఖాష్ సరస్సు తూర్పు కొస, సైబీరియాలో ఓబ్ నది. అక్కణ్ణుంచి అంతా మంచే. ధ్రువానికి రమారమి 250 కిలోమీటర్ల దూరంలో మలుపు తీసుకుని, కెనడాలో ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చర్చిల్ ఊరి పక్కగా, గోధుమ మైదానాల మీదుగా టెక్సాస్‌లో దిగుతుంది. మొత్తం దాదాపు 14,500 కిలోమీటర్లు.

మేఘదూతం చదివిన వాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు. భార్యకు దూరమై మేఘంతో కబురు పంపిన యక్షుడున్న రామగిరి నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అని చాలామంది పండితుల మాట. అది మన గీతకు నూట ముప్పై కిలోమీటర్లే ఎడం. మేఘం చేరవలసిన అలక కైలాసం ఒడిలోనే ఉంది. వియోగంలో ఉన్నవాడు ఉత్తరానికి చూస్తాడని కాళిదాసు ఏనాడో పట్టుకున్నాడు. దారి వంకరైనా సరే ఉజ్జయిని చూసి పొమ్మని మేఘానికి చెప్పించాడు కూడా.

మన ప్రయాణాలదీ ఆ వంకర దారే. హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్, ఆపైన డాలస్ అనుకుంటే 15,700 కిలోమీటర్లు. దూరంలో పెరిగేది పన్నెండు వందలే. కాలంలో మాత్రం చాలా పెరుగుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో తిన్నగా పోతే పదహారు గంటల దారి, విమానాలు మారుతూ, మధ్యలో పడిగాపులు పడుతూ పోయేసరికి ఒక పగలూ ఒక రాత్రీ మింగేస్తుంది.

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగిరే విమానాలు ఇప్పటికే ఉన్నాయి. వాటికి మన 14,500 ఒక లెక్క కాదు. గన్నవరం నుంచి అలాంటిదొకటి తిన్నగా ఉత్తరానికి లేవాలని నా గాఢమైన కోరిక. లేచిన రోజున కుడివైపు కిటికీ సీటు అడగండి. ముందు భద్రాచలం, ఆ తర్వాత కైలాసం, రెండూ అటే వస్తాయి.