వంశము అను మాట: జాతి వివక్ష నిర్మూలన కమిటీ పనిపై ఒక విమర్శనాత్మక పరిశీలన

1. పరిచయము

అంతర్జాతీయ మానవ హక్కుల ఒడంబడికల గురించి మన సంఘాలలో రెండు అభిప్రాయాలు వినబడుతుంటాయి. జెనీవాలో మొర పెట్టుకుంటే ప్రభుత్వం దిగివస్తుందని కొందరు ఆశిస్తారు. అవన్నీ కోరలు పీకిన పాములని మరికొందరు కొట్టివేస్తారు. ఈ రెండూ సరియైనవి కావని మా అభిప్రాయము. దళిత క్రైస్తవులకు నేరుగా సంబంధించిన ఒక్క ఒడంబడికను తీసుకొని, అది ఎలా పని చేస్తుంది, ఎక్కడ ఆగిపోయింది, దాని మాటను మన సంఘాలు ఎలా చదివాయి అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిస్తాము.

2. ఒడంబడిక పని చేయు విధము

అన్ని రూపాల జాతి వివక్ష నిర్మూలనకై ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 1965 డిసెంబరు 21న ఆమోదించింది. భారతదేశం 1968 డిసెంబరులో దానిని ధ్రువీకరించింది. 1969 జనవరి 4 నుండి అది అమలులోకి వచ్చింది. దాని అమలును గమనించుటకు 18 మంది నిపుణుల కమిటీ ఉన్నది. సభ్య దేశాలే వారిని ఎన్నుకొన్నప్పటికీ, వారు తమ ప్రభుత్వాల ప్రతినిధులుగా గాక వ్యక్తిగత హోదాలో కూర్చుంటారు.

ప్రతి దేశము రెండేండ్లకొకసారి నివేదిక సమర్పించాలి. కమిటీ దానిని చదివి, ప్రభుత్వ ప్రతినిధులను బహిరంగంగా ప్రశ్నించి, తన ముగింపు పరిశీలనలను ప్రకటిస్తుంది. స్వచ్ఛంద సంస్థలు పంపే ప్రత్యామ్నాయ నివేదికలను కూడా చూస్తుంది. అయితే ఇది న్యాయస్థానము కాదు. జరిమానా వేయలేదు, చట్టాన్ని కొట్టివేయలేదు. వ్యక్తుల ఫిర్యాదులను విచారించే అధికారాన్ని 14వ అధికరణం క్రింద అంగీకరించిన దేశాల మీద మాత్రమే అవి చెల్లుతాయి. భారతదేశం దానిని అంగీకరించలేదు. కాబట్టి మన పల్లెలోని బాధితుడు నేరుగా ఆ తలుపు తట్టలేడు.

3. వంశము అను మాటపై వివాదము

ఒడంబడిక మొదటి అధికరణం వివక్షకు ఆధారాలుగా జాతి, శరీరపు రంగు, వంశము, దేశ మూలము, తెగ మూలము అనువాటిని పేర్కొంటుంది. వీటిలో వంశము అను మాట చేరినది భారతదేశము ప్రతిపాదించిన సవరణ వలననే. అయినను 1996లో కమిటీ ఎదుట మన ప్రభుత్వము, ఆ మాట జాతికి సంబంధించినదే గాని కులానికి వర్తించదని వాదించింది. కమిటీ అంగీకరించలేదు. 2001లో డర్బన్ మహాసభలోను అదే వాదము నడిచింది. 2002 ఆగస్టులో కమిటీ తన 29వ సాధారణ సిఫారసులో, కులమువంటి పుట్టుక ఆధారిత వివక్ష ఒడంబడిక పరిధిలోనిదేనని స్పష్టపరచింది.

ప్రభుత్వ వాదములో సత్యము లేకపోలేదు. కులము జాతి విభజన కాదని 1936లోనే డాక్టర్ అంబేద్కర్ తన 'కుల నిర్మూలన'లో వాదించారు. కాని ఇక్కడి ప్రశ్న అది కాదు. జాతి, వంశము రెండును ఒకటే అయితే రెండు మాటలు వ్రాయవలసిన అవసరమేమి? వాక్యభాగములో ప్రతి మాటకు విలువనిచ్చి చదువుటకు అలవాటుపడిన మనకు కమిటీ వ్యాఖ్యానమే సమంజసమని తోస్తుంది. 2006 డిసెంబరులో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అస్పృశ్యతను దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్షతో పోల్చారు. రెండు నెలలకే, 2007 ఫిబ్రవరిలో, అదే ప్రభుత్వము జెనీవాలో పాత వాదమునే వినిపించింది.

4. ఈ పద్ధతిలోని బలహీనత

ప్రశ్నించబడవలసినవాడే నివేదిక వ్రాయుట ఈ ఏర్పాటులోని మొదటి లోపము. అతడు వ్రాయకపోతే ఏమి చేయాలో తెలియకపోవుట రెండవది. 1996 తరువాత భారతదేశము ఐదు నివేదికలను ఒకే కట్టగా ఇచ్చింది. ఆ తరువాతిది 2010లో రావలసి ఉండగా, పదేండ్లు గడిచినా రాలేదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక విషయములోను 1997లో జరిగిన సమీక్ష తరువాత మరల 2024 జూలైలో గాని భారతదేశపు సమీక్ష జరగలేదు. ఆ మధ్య 27 సంవత్సరాలు గడిచాయి.

అయితే నిష్ప్రయోజనమని తేల్చివేయుట తొందరపాటు. లూకా 18వ అధ్యాయములోని విధవరాలికి అధికారము లేదు, సిఫారసు లేదు. మాటిమాటికి వచ్చి అడుగుట ఒక్కటే ఆమెకున్నది. కమిటీ మాట కూడా అటువంటిదే. ఇక్కడివారు దానిని పట్టుకొని అడుగుచున్నంత వరకే అది జీవిస్తుంది.

5. మన సంఘాలు దానిని చదివిన తీరు

2007 పరిశీలనలలో కమిటీ, క్రైస్తవ్యములోనికి లేక ఇస్లాములోనికి మారిన దళితులు ప్రత్యేక సదుపాయాలను కోల్పోవుటను గూర్చి ఆందోళన వ్యక్తపరచి, వాటిని పునరుద్ధరించుమని కోరింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితము చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినను క్రైస్తవులను బయటనే ఉంచింది. మన తెలుగు నేలపై వీరు బి.సి. 'సి' వర్గములో లెక్కించబడ్డారు. ఈ విషయమై 2022లో కేంద్రము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను కూడా నియమించింది. హోదా కోరుట న్యాయమే.

కాని 2007 నాటి ఈ ఒక్క పేరాను ఎత్తిచూపువారు 2002 సిఫారసును చదువుట అరుదు. అందులో పుట్టుక ఆధారిత వివక్షకు గుర్తులు వరుసగా ఇవ్వబడ్డాయి: కులము వెలుపల వివాహాలపై ఆంక్షలు, నివాసాలలో వేర్పాటు, నీటి వద్ద వేర్పాటు, ఆరాధన స్థలాలలో వేర్పాటు. ఆరాధన స్థలము అన్నప్పుడు దేవాలయమే గాని చర్చి కాదని ఎక్కడా లేదు.

మన వాదమంతయు ఒక్క సంగతిపై ఆధారపడి ఉన్నది. బాప్తిస్మము పొందినను కులము మనిషిని విడువలేదు అనునదే ఆ సంగతి. విజ్ఞాపన పత్రములో దీనిని వ్రాసి, ప్రసంగ వేదిక మీద మాలో కులము లేదని చెప్పుట పరస్పర విరుద్ధమైన సాక్ష్యము. మాలపల్లె సంఘము, మాదిగపల్లె సంఘము అని వేరుగా నడుచుట, సంబంధము కలుపుకొనునప్పుడు విశ్వాసముకంటె ముందు కులము అడుగుట మన పాఠకులు ఎరుగనివి కావు.

6. ముగింపు

మా సూచన ఒక్కటే. 29వ సిఫారసులోని గుర్తులనే ప్రశ్నావళిగా చేసికొని, ప్రతి డయోసిస్, ప్రతి సినడు రెండేండ్లకొకసారి తన్ను గూర్చి తానే నివేదిక వ్రాసికొనవలెను. సమాధుల స్థలము, కాపరుల నియామకాలు, కమిటీ పదవులు, కులాంతర వివాహాలు అందులో ఉండాలి. దానిని మూసిన తలుపుల వెనుక గాక సంఘము ఎదుట చదవాలి. వేరే అభిప్రాయము గలవారికి ప్రత్యామ్నాయ నివేదిక వ్రాయు స్వేచ్ఛ ఉండాలి. వేదాంత కళాశాలల విద్యార్థులు తమ పరిశోధనా పత్రాలలో ఈ పనిని ఆరంభించవచ్చును. ప్రభుత్వపు నివేదిక ఆలస్యమైనదని మనము విమర్శిస్తున్నాము. మన మొదటి నివేదిక ఇంకను వ్రాయబడవలసియున్నది.