వర్ణనలో ముక్కు, వంటింట్లో ముక్కు

2021 మే నెలలో నాకు కోవిడ్ వచ్చి తగ్గింది. జ్వరం, దగ్గు పోయాయి గానీ పోయిన వాసన తిరిగి రాలేదు. మొదట్లో దాన్ని పెద్ద లోటనుకోలేదు. ఓ రోజు పొయ్యి మీద కూర మాడి, పొగ ముందుగదిలోకి వచ్చేదాకా నాకు తెలియలేదు. రాత్రి మిగిలిన పప్పు పాచిపోయిందేమో చూడమని మా వారిని అడిగితే గిన్నె దగ్గర ముక్కు పెట్టి, "ఎలా తెలుస్తుంది?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన ముక్కుకి ఆ పని పడలేదు.

అన్నం అడుగంటిందా, రవ్వకి మక్కు వాసన వచ్చిందా, గ్యాస్ లీకవుతోందా, పిల్లాడి పక్క తడిసిందా... ఇదంతా ఇంట్లో ఆడవాళ్ళ ముక్కు రోజంతా చేసే కాపలా. చేతులు కదలవు కాబట్టి అది పనిలా కనపడదు. ఇంటిచాకిరీ గురించి ఇన్ని వ్యాసాలు చదివిన నేను కూడా దాన్ని ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు.

నా పిహెచ్.డి. ప్రబంధాల్లోని స్త్రీ వర్ణనల మీద. అందుకే నా ముక్కు పనిచేయని ఆ రోజుల్లో వసుచరిత్రలోని ప్రసిద్ధమైన నాసికా వర్ణన పదేపదే గుర్తొచ్చేది. తుమ్మెద తన దగ్గరికి రావడం లేదని అలిగిన సంపెంగ తపస్సు చేసి గిరిక ముక్కయి పుట్టిందట. సకల పూల పరిమళాలూ తనలో నింపుకుని, తుమ్మెదల్లాంటి చూపుల్ని రెండువైపులా నిలుపుకుందట. నంది తిమ్మనకి ముక్కు తిమ్మన అన్న పేరు రావడానికి ఈ పద్యాన్నే కారణంగా చెప్పే చాటుకథ కూడా ఉంది. ఊహ గొప్పదే. కానీ పద్యం మొత్తంలో ఆ ముక్కు దేన్నీ వాసన చూడదు. తానే పువ్వయి, చూసేవాళ్ళ కోసం ఉంటుంది.

వాసన చూసే హక్కు ఎవరిదో మనుచరిత్ర చెబుతుంది. పాదలేపం కరిగి హిమాలయంలో చిక్కుకున్న ప్రవరుడికి కస్తూరి, కర్పూర తాంబూలాల పరిమళం గాలిలో తేలి వస్తుంది. దగ్గరలో స్త్రీ ఉందని ఆయన ముక్కు పసిగడుతుంది. వరూధిని ముందు వాసనగానే కథలోకి వస్తుంది. ఆ తర్వాత గంధర్వుడు ప్రవరుడి రూపంలో ఆమెను మోసం చేస్తాడు. పెద్దన కథకి మూలమైన మార్కండేయ పురాణంలో వాడు ఆమెను కళ్ళు మూసుకోమని షరతు పెడతాడు. కళ్ళు మూసినా ముక్కు తెరిచే ఉంటుంది కదా! ఆమె ముక్కు ఏం చెప్పిందన్న ప్రశ్నే కథకి తట్టదు. పరిశోధన చేసినన్నాళ్ళూ నాకూ తట్టలేదు.

ఈ లెక్క తిరగరాసింది స్త్రీవాద కవిత్వమే. విమల 'వంటిల్లు' చిన్ననాటి వంటింటి ఘుమఘుమలతో మొదలై, ఆ ఘుమఘుమల వెనక కరిగిపోయిన తల్లి దగ్గరికి మనల్ని తీసుకెళుతుంది. అయితే మనమందరం ఒకే వంటింటి వాసన పీల్చామా? జూపాక సుభద్ర 'కొంగు'లో కొంగు అలంకారం కాదు, పనిముట్టు. ఆ చూపుని ముక్కు దాకా తెచ్చుకోవలసి వచ్చినప్పుడు నేను నా దగ్గరే ఆగిపోయాను.

ఆగస్టులో నాకు వాసన వచ్చింది కానీ తలకిందులుగా వచ్చింది. ఉల్లి, వెల్లుల్లి, కాఫీ మురుగు కంపు కొట్టేవి. దీన్ని పారోస్మియా అంటారనీ, దెబ్బతిన్న వాసన నాడులు కోలుకునేటప్పుడు ఇలా అవుతుందనీ డాక్టరు చెప్పారు. మా అమ్మ పెట్టిన తాలింపుకి ముక్కు మూసుకుని వరండాలోకి పరుగెత్తాను. కంపు తాలింపులో లేదు, నాలో ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్నేళ్ళ క్రితం మా పక్కవాటాలో ఒకామె ఎండుచేపలు వేయిస్తే నేను కిటికీలు మూసేదాన్ని. "నీచు వాసన భరించలేకపోతున్నాం" అని ఇంటివాళ్ళతో చెప్పింది నేనే. రెండు నెలల్లో వాళ్ళు ఖాళీ చేశారు. చేపకీ మాంసానికీ మనం వాడే 'నీచు'కీ, హీనమని చెప్పే 'నీచం'కీ మధ్య ఎంత దూరముందో, తెలుగు పాఠం చెప్పే నాకు ఆ రోజు వినపడలేదు. పోతూ పోతూ ఆమె నా మొహం చూడలేదు. నాలాంటి వాళ్ళ ముక్కు ఇల్లు కాయడమే కాదు, కులాన్నీ కాస్తుంది. ఆ కాపలా కూడా మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే.

మన సాహిత్యాన్ని ఇంకోసారి ముక్కుతో చదవాలనిపిస్తోంది. ఎవరు పరిమళం, ఎవరు కంపు, వాసన చూసి తీర్పు చెప్పేది ఎవరు? ఈ మూడూ అడిగితే ప్రబంధాలే కాదు, మన కథలూ కవితలూ కూడా ఇబ్బంది పడతాయి. పడనివ్వాలి.

నాకు వాసన పూర్తిగా తిరిగొచ్చింది. ఇప్పుడున్న ఇంట్లో కిందివాటా నుంచి అప్పుడప్పుడు ఎండుచేపల వాసన వస్తుంది. చెయ్యి ఇంకా కిటికీ వైపే వెళుతుంది. మనలో పాతుకుపోయిన సంస్కారాలనీ తెలుగులో 'వాసనలు' అనే అంటాం. అవి పోవడానికి కోవిడ్ చాలదు.